ఎండాకాలంలో కోడిపిల్లల పెంపకం: హైదరాబాద్ ఇళ్లలో ఏ వయసుకి ఏం చేయాలి

ఏప్రిల్ వచ్చిందంటే పెరటి కోళ్లవాళ్లు ఒకర్నొకరు అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, పిల్లలకి బల్బు పెట్టాలా, ఫ్యాన్ పెట్టాలా?" రెండూ కావాలి. కాకపోతే ఒకే వయసు పిల్లలకి కాదు, ఒకే వేళలో కాదు.

గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకి 33 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం ఉండాలి, లేకపోతే వణికి చస్తుంది. అదే పిల్ల మూడు నెలలు నిండి కిలో తూగేసరికి ఆ 35 డిగ్రీలకే రొప్పడం మొదలుపెడుతుంది. మన ఊళ్లో మే నెల మధ్యాహ్నం నీడలోనే 40 దాటుతుంది. కోడి ఒంటి వేడి మామూలు రోజుల్లోనే 41 డిగ్రీల పైన ఉంటుంది, చెమట పట్టే ఏర్పాటు దానికి లేదు. బయటి గాలి ఒంటంత వేడెక్కితే ఒంట్లోంచి వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. ఇక మిగిలింది నోరు తెరిచి రొప్పడమే. నోటిలోనూ గొంతులోనూ తడి ఆవిరైతేనే దానికి కాస్త చల్లదనం. అందుకే ఎండాకాలంలో మీరు చేసే ప్రతి పనీ దానికి గాలి, నీళ్లు అందించేలా ఉండాలి. మందుల సంగతి ఆ తర్వాత.

పిల్లల్ని ఎంచుకోవడం, తెచ్చుకోవడం

వీలుంటే ఏప్రిల్ రెండో వారం నుంచి మృగశిర కార్తె దాకా, అంటే నాంపల్లిలో చేప ప్రసాదం పంచే రోజులదాకా, కొత్త పిల్లల్ని తేవద్దు. ఎండకి పిల్లలు ఆగలేవని కాదు, అట్టపెట్టెలో బండి మీద వచ్చే ఆ గంటా రెండు గంటల ప్రయాణమే వాటి ప్రాణం తీస్తుంది. తప్పదనుకుంటే తెల్లవారుజామున బయల్దేరి ఎనిమిదిలోపు ఇంటికి చేరేలా చూసుకోండి. పెట్టెకి నాలుగు వైపులా రంధ్రాలు ఉండాలి. కారు డిక్కీలో మాత్రం పెట్టవద్దు.

జాతి విషయంలో మనం అదృష్టవంతులం. వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి రకాలను తయారుచేసింది మన రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధన సంస్థే. రాజశ్రీ అక్కడే ఉన్న వెటర్నరీ యూనివర్సిటీది. వనరాజా ఒళ్లు చేసే కోడి, కాబట్టి ఎండ దానికి ఎక్కువ తగులుతుంది. గుడ్ల కోసం పెంచేవాళ్లకి, ముఖ్యంగా మిద్దె మీద పెంచేవాళ్లకి, తేలికగా ఉండే గ్రామప్రియ మేలని నా అభిప్రాయం. మెడ మీద ఈకలు లేని నాటుకోళ్లు దొరికితే వదలొద్దు. చూడ్డానికి అంత అందంగా ఉండవు గానీ ఒంటి వేడి బయటికి పోవడానికి ఆ బోడి మెడే దారి. బళ్ల మీద గులాబీ, ఆకుపచ్చ రంగులేసి అమ్మే పిల్లల జోలికి వెళ్లొద్దు. అవి చాలావరకు గుడ్ల కోళ్ల హ్యాచరీలు వద్దనుకున్న మగపిల్లలు. ఇంట్లో చిన్నపిల్లలు ముచ్చటపడి కొనిపిస్తారు, మూడోరోజు ఇల్లంతా ఏడుపు.

పొదిగే పెట్ట ఉంది, దాని కిందే గుడ్లు పెడదాం అనుకుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. గది వేడి 24, 25 డిగ్రీలు దాటితే పొదగకుండానే గుడ్డులో పిండం మెల్లగా ఎదగడం మొదలై మధ్యలోనే చచ్చిపోతుంది. ఎండాకాలంలో వారం పదిరోజులు బుట్టలో పోగేసిన గుడ్లు సరిగా పిల్లలు కాకపోవడానికి అసలు కారణం ఇదే, దిష్టి కాదు. తడి ఇసుక పోసిన కుండలో చిన్న గిన్నె పెట్టి, గుడ్లు తడవకుండా అందులో దాచండి. నాలుగైదు రోజుల్లోపు పెట్ట కింద పెట్టేయండి.

గూడు సంగతి ముందు చూడండి

పిల్లలు రాకముందే చేయాల్సిన పని ఇది. ఎక్కువ శ్రమ కూడా దీనికే.

మధ్యాహ్నం రెండింటికి గూడులో చేయి పెట్టి చూడండి. కోడి వీపు ఉండే ఎత్తులో అరచేయి ఒక నిమిషం ఉంచండి. పైనుంచి సెగ కొడుతుంటే కప్పుతో ఇబ్బంది. అన్ని వైపులా ఉక్కగా ఉంటే గాలితో ఇబ్బంది. రెండిటికీ మందు వేరు.

కప్పు రేకులదైతే పైన చిక్కగా సున్నం కొట్టండి. సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపితే మొదటి వానకే కొట్టుకుపోదు. తెల్లటి కప్పు ఎండని తిప్పికొడుతుంది. ఇళ్ల పైకప్పుల కోసం తెలంగాణ ప్రభుత్వం 2023లో తెచ్చిన కూల్ రూఫ్ విధానం వెనక ఉన్న సూత్రం కూడా ఇదే. సున్నం మీద కొబ్బరి మట్టలో వరిగడ్డో పరిస్తే ఇంకా మంచిది. గ్రీన్ నెట్ వేసేవాళ్లు రేకుకి ఆనించి కట్టేస్తుంటారు, దానివల్ల పెద్ద లాభం లేదు. రేకుకీ నెట్‌కీ మధ్య ఒక అడుగైనా ఖాళీ ఉంచి, గాలి ఆడేలా కట్టండి.

తర్వాత గోడలు. పిల్లుల భయంతో చాలామంది పాత చెక్క బీరువానో ప్లైవుడ్ పెట్టెనో గూడుగా మార్చి, సాయంత్రం ఏడింటికల్లా కోళ్లను లోపల పెట్టి తలుపు బిగిస్తారు. మన దగ్గర ఎదిగే కోళ్లు ఎండలో చచ్చిపోయేది తక్కువ, ఇలా రాత్రి ఉక్కపోతతో పోయేవే ఎక్కువ. పగలంతా కాలిన స్లాబు రాత్రి పదకొండు దాకా సెగ కక్కుతూనే ఉంటుంది. తలుపు, రెండు పక్క గోడలు తీసేసి అరంగుళం వెల్డ్‌మెష్ కొట్టించండి. చికెన్ మెష్ అని అమ్మే పల్చటి వల వద్దు, కుక్క నోటితో లాగితే చినిగిపోతుంది, పందికొక్కులకి అదసలు లెక్కే కాదు. గాలి ఒకవైపు వచ్చి ఎదురువైపు పోవాలి. పడమటి వైపు మాత్రం నీడ ఉండాలి, మూడింటి ఎండ అటునుంచే వస్తుంది.

మిద్దె మీద గూడైతే దాన్ని నేల మీద ఆనించకండి, మంచం ఎత్తు కాళ్లు పెట్టండి. సాయంత్రం గూడు కింద, చుట్టుపక్కల స్లాబు మీద నాలుగు బకెట్ల నీళ్లు పోస్తే రాత్రికి చాలా తేడా కనిపిస్తుంది. నీళ్ల కరువు రోజుల్లో బట్టలు ఉతికిన ఆఖరి నీళ్లు చాలు, కోళ్లు ఆ నీళ్లు తాగకుండా చూసుకుంటే సరి.

తడి గోనె పట్టాలు బాగా పనిచేస్తాయి, కానీ వాటికో లెక్క ఉంది. ఏప్రిల్, మే నెలల్లో మన గాలి పొడిగా ఉంటుంది కాబట్టి తడి తొందరగా ఆవిరై గాలిని చల్లబరుస్తుంది. పట్టా గాలి వచ్చే వైపు మాత్రమే కట్టండి, ఎదురువైపు తెరిచే ఉంచండి. నాలుగు వైపులా తడి పట్టాలు కడితే గూడు ఇడ్లీపాత్ర అవుతుంది. జూన్‌లో మబ్బు పట్టి ఉక్కపోసే రోజుల్లో నీళ్లు చల్లడం పూర్తిగా మానేసి ఫ్యాన్ వేయండి. ఆ రోజుల్లో గాలిలోనే తడి ఎక్కువ, ఇంకా తడిపితే రొప్పినా కోడి చల్లబడదు. ఫ్యాన్ కూడా కోళ్లు ఉండే ఎత్తులో ఉండాలి. సీలింగ్‌కి వేలాడదీస్తే పైనున్న సెగని కిందికి తోస్తుంది.

నేల మీద ఊక రెండంగుళాలకి మించి వద్దు. చలికాలంలోలాగా మందంగా పోస్తే కిందనుంచి వేడి పుడుతుంది. స్థలం విషయంలో నాలుగు వారాలదాకా పిల్లకి అర చదరపు అడుగు, ఎనిమిది వారాలదాకా ఒక అడుగు, ఆపైన గూడులోనే రెండు అడుగులు ఉండాలి. వేసవిలో ఇంకాస్త ఎక్కువ ఉంటే మంచిది. ఇరుకైతే ఒకదాన్నొకటి పొడుచుకోవడం మొదలవుతుంది, రక్తం కనబడితే ఇక ఆగవు.

మొదటి నాలుగు వారాలు: రాత్రి బల్బు, పగలు గాలి

పుస్తకాల్లో రాసేదేమంటే మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడేసి డిగ్రీలు తగ్గించుకుంటూ పోవాలి. ఇక్కడ మే నెలలో ఆ లెక్క రాత్రికే వర్తిస్తుంది. పగలు పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా వారం వయసు పిల్లలకి కూడా బల్బు అక్కర్లేదు, రెండో వారం నుంచి వాటికే ఉక్కపోస్తుంది. తెల్లవారుజామున 27, 28 డిగ్రీలు ఉన్నప్పుడు మాత్రం ఆ చిన్నవాటికి చలే. మనకి హాయిగా ఉంది కదా అని బల్బు తీసేయకండి.

పాతిక పిల్లలకి 60 వాట్ల బల్బు చాలు. పాత రకం ఫిలమెంట్ బల్బే కావాలి, ఎల్ఈడీ వెలుగునిస్తుంది కానీ వెచ్చదనం ఇవ్వదు. ఇప్పుడు అన్ని షాపుల్లోనూ పెట్టడం లేదు, పాత ఎలక్ట్రికల్ షాపుల్లో అడగండి. అడుగున్నర ఎత్తులో గట్టి గొలుసుతో వేలాడదీయండి, వైరు మీద ఆధారపడొద్దు. బల్బు ఊక మీద పడితే నిప్పు అంటుకోవడానికి నిమిషం పట్టదు.

థర్మామీటర్ ఉంటే మంచిదే, లేకపోయినా పిల్లలే చెబుతాయి. బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కి కీచుమంటుంటే చలి. గోడలకి అతుక్కుని, రెక్కలు కొంచెం దించి, నోరు తెరుచుకుని ఉంటే వేడి. అక్కడొకటి ఇక్కడొకటి కాళ్లు చాపి పడుకుని ఉంటే అంతా బాగున్నట్టు. కొత్తవాళ్లు చచ్చిపోయాయేమోనని భయపడేది ఈ మూడోదాన్ని చూసే. బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని వెచ్చగా ఉంచే చోట, బల్బు ఒక మూలకే ఉండాలి, నడిమధ్యలో కాదు. అప్పుడు వేడి వద్దనుకున్న పిల్ల రెండో మూలకి పోతుంది.

తెచ్చిన రోజు మొదట నీళ్లు, గంటా రెండు గంటల తర్వాతే దాణా. లీటరు నీళ్లలో 50 గ్రాముల బెల్లం కరిగించి ఇవ్వండి, ప్రయాణం బడలిక తీరుతుంది. ఒక్కో పిల్ల ముక్కు చివర నీళ్లలో ముంచితే తాగడం నేర్చుకుంటుంది. బెల్లం నీళ్లు ఆ ఒక్క రోజుకే, తర్వాత మంచినీళ్లు. ఒక్కోసారి రెట్ట వెనకవైపు అంటుకుని ఎండి దారి మూసేస్తుంది. ఎండాకాలంలో ఇది తొందరగా గట్టిపడుతుంది. పీకొద్దు, చర్మం ఊడొస్తుంది. గోరువెచ్చటి నీళ్లలో దూది ముంచి, అది మెత్తబడేదాకా అద్ది, మెల్లగా తుడవండి. తర్వాత ఆరబెట్టి బల్బు దగ్గర వదలండి.

నాలుగో వారం దాటి ఈకలు వచ్చాయంటే ఎండాకాలంలో ఇక బల్బుతో పనిలేదు.

నీళ్లు

దీని గురించి ఎంత చెప్పినా తక్కువే. మామూలు రోజుల్లో కోడి తిన్న దాణా బరువుకి రెండింతల నీళ్లు తాగుతుంది, మండే ఎండలో అది నాలుగింతలు దాటుతుంది. అయితే వేడి నీళ్లు దొరికితే తాగదు, ముక్కు పెట్టి తీసేస్తుంది. మిద్దె మీది ట్యాంకు నుంచి మధ్యాహ్నం ఒంటిగంటకి వచ్చే నీళ్లు చేతి మీద పోసుకుని చూడండి, మీకే తెలుస్తుంది. నిండా నీళ్లుండీ కోళ్లు దాహంతో పోయేది ఇలాగే.

పొద్దున ఆరింటికి పట్టిన నీళ్లు కుండలో పోసి నీడలో పెట్టుకోండి. పదకొండింటికి ఒకసారి, రెండింటికి ఒకసారి, నాలుగింటికి ఇంకోసారి పాత నీళ్లు పారబోసి కుండ నీళ్లు పోయండి. ప్లాస్టిక్ డ్రింకర్ కంటే మట్టి మూకుడు నయం, దాని ఒంటి తడి ఆవిరవుతూ నీళ్లని చల్లగా ఉంచుతుంది. చిన్న పిల్లలైతే మూకుడులో నాలుగు గులకరాళ్లు వేయండి, లేకపోతే మునిగిపోతాయి. పాచి పట్టకుండా రోజూ పీచుతో తోమాలి. మట్టిపాత్రకి ఉన్న ఒకే ఒక్క బాధ అది. పాత్రలు రెండు మూడు చోట్ల పెట్టండి. ఒకటే ఉంటే పెద్ద పుంజు దాని పక్కనే తిష్ట వేస్తుంది, చిన్నవి దగ్గరికి రావు.

ఎలక్ట్రాల్ లాంటి పొడులు పనికొస్తాయి, అయితే ఎండ బాగా ముదిరిన రోజుల్లో పదకొండు నుంచి నాలుగు దాకా మాత్రమే. పక్కనే మామూలు నీళ్లు కూడా ఉండాలి. రోజంతా, నెలంతా ఉప్పునీళ్లు తాగిస్తే రెట్ట నీళ్లయి ఊక తడుస్తుంది.

దాణా: ఎంత అన్నదానికన్నా ఎప్పుడు అన్నదే ముఖ్యం

తిన్నది అరిగేటప్పుడు ఒంట్లో వేడి పుడుతుంది. తిన్న నాలుగైదు గంటలకి ఆ వేడి ఎక్కువగా ఉంటుంది. అంటే పదింటికి కడుపునిండా తిన్న కోడికి లోపలి వేడి, బయటి వేడి రెండూ ఒకేసారి, మధ్యాహ్నం రెండు మూడింటికి పడతాయి. అందుకే నెల దాటిన కోళ్లకి తెల్లారి ఐదున్నరకే దాణా పెట్టండి, తొమ్మిదిన్నరకి గిన్నెలు తీసేయండి. మళ్లీ సాయంత్రం ఐదున్నర తర్వాత పెట్టి చీకటి పడేదాకా ఉంచండి. నెలలోపు పిల్లలకి ఇలా ఆకలి పెట్టొద్దు, వాటికి దాణా ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

రోజంతా తక్కువ తింటాయి కాబట్టి తిన్న కాస్తలోనే సత్తువ ఉండాలి. ఎనిమిది వారాలదాకా మాంసకృత్తులు 20 శాతం ఉండే స్టార్టర్, ఆ తర్వాత 16 శాతం ఉండే గ్రోయర్ పెట్టండి. నూకలు, జొన్నలు మాత్రమే పోస్తే కడుపు నిండుతుంది, ఒళ్లు పెరగదు. ఈకలు సరిగా రాని, రెక్కలు వేలాడే మూడు నెలల పిల్లల్ని చూస్తే చాలావరకు నూకల పెంపకమే అని అర్థం. తోటకూర, మునగాకు, పుచ్చకాయ తొక్క, దోసకాయ మధ్యాహ్నం వేళ పెట్టొచ్చు. అవి తిండి కింద కాదు, నీళ్ల కింద లెక్క.

పెద్ద పెట్టలతో కలిపి పెంచుతుంటే లేయర్ దాణా అందరికీ వేయకండి. అందులో గుడ్డు పెంకు కోసం సున్నం ఎక్కువ ఉంటుంది, ఎదిగే పిల్లల మూత్రపిండాలు దానికి తట్టుకోలేవు. అందరికీ గ్రోయర్ పెట్టి, పెట్టలకి ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఉంచండి. కావాల్సినవి అవే తింటాయి. ఎండాకాలంలో పెంకు పల్చబడిందని కంగారుపడొద్దు. రొప్పడంతో ఒంట్లోంచి కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా పోతుంది, పెంకు తయారీకి అదీ కావాలి. ఎండ తగ్గితే పెంకూ గట్టిపడుతుంది.

దాణా బస్తా మిద్దె మీద ఉంచకండి. నెలకి సరిపడా మాత్రమే కొనండి. బూజు వాసన వస్తే పారేయండి, ఎండబెట్టి వేద్దామనే ఆలోచన వద్దు. బూజు వదిలిన విషం ఎండకి పోదు.

టీకాలు

ఐదు నుంచి ఏడో రోజులోపు కొక్కెర తెగులుకి లసోటా టీకా చుక్క కంట్లో, పద్నాలుగో రోజు గంబోరో అనే జబ్బుకి, నాలుగో వారంలో మళ్లీ లసోటా, ఆరో వారంలో కోళ్ల మశూచికి, ఎనిమిదో వారంలో కొక్కెరకే ఆర్‌టూబీ అనే టీకా. మీ దగ్గరి పశువైద్యశాలలో అడిగి తేదీలు ఖాయం చేసుకోండి. సీసాలో వందా రెండు వందల కోళ్లకి సరిపోయే మందు ఉంటుంది, కాబట్టి కాలనీలో నలుగురు కలిసి ఒకే రోజు పెట్టుకోండి. ఐస్ వేసిన ఫ్లాస్కులోనే తేవాలి, కలిపాక గంటలో అయిపోవాలి, తెల్లవారే పెట్టాలి. రొప్పుతున్న పిల్లలకి టీకా వేయొద్దు. నల్లా నీళ్లలో కలిపి తాగించడం నాకు ఇష్టం ఉండదు. ఆ నీళ్లలోని క్లోరిన్ టీకాని చంపేస్తుంది.

వడదెబ్బ తగిలితే

రొప్పడం, రెక్కలు ఒంటికి దూరంగా పట్టుకోవడం మామూలే, గమనిస్తుంటే చాలు. తల మీది ఎర్రటి జుట్టు (తురాయి) పాలిపోయి, కళ్లు మూతలు పడుతూ, అడుగేస్తే తూలుతుంటే ఇక ఆలస్యం చేయొద్దు. నీడలోకి తెచ్చి కాళ్లు, పొట్ట మునిగేలా మామూలు నీళ్ల బకెట్‌లో నిలబెట్టండి, తల పైకి పట్టుకోండి. రెక్కల కింద, జుట్టు మీద తడి చేత్తో రాయండి. ఐస్ నీళ్లు వద్దు, ఒక్కసారిగా రక్తనాళాలు ముడుచుకుపోయి లోపలి వేడి లోపలే ఉండిపోతుంది. నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ముక్కు అంచున చుక్క చుక్కగా తడిపితే అదే చప్పరిస్తుంది. కోలుకున్నాక కూడా సాయంత్రం దాకా గుంపులో కలపొద్దు.

ఒకటి పడిందంటే మిగతావి కూడా అంచున ఉన్నట్టే. దాన్ని బకెట్‌లో ఉంచి ఇంకొకరిని గూడు దగ్గరికి పంపండి, నీళ్లు మార్చమనండి, తలుపులన్నీ తీయమనండి. ఎండలో తరిమి పట్టుకోవడం మాత్రం చేయొద్దు, ఆ పరుగుకే రెండు పోతాయి.

మొదటి వాన పడ్డాక

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండని తట్టుకున్న పిల్లలు జూన్‌లో పోతుంటాయి. దానికి కారణం తడిసిన ఊక. గాలివానకి జల్లు లోపలికి కొట్టి, ఆ తడి వేడితో కలిస్తే రక్త పారుడు మొదలవుతుంది, మూడు నుంచి ఎనిమిది వారాల పిల్లలకి అది ఎక్కువ. ఎర్రటి రెట్ట, ముడుచుకుని నిలబడటం కనిపిస్తే అదే రోజు డాక్టర్‌ని అడిగి ఆంప్రోలియం మందు తెచ్చి నీళ్లలో ఇవ్వండి. మే నెలాఖరుకే వాన కొట్టే వైపు చుట్టి కట్టే టార్పాలిన్ సిద్ధంగా ఉంచుకోండి. వాన వచ్చినప్పుడు దించాలి, తగ్గగానే పైకి చుట్టాలి. తడిసిన ఊక ఎత్తి పారేసి పొడిది వేయండి, పైపైన కొత్తది చల్లి సరిపెట్టొద్దు. దోమలు పెరిగేదీ అప్పుడే, మశూచి ఎక్కువగా వాటి ద్వారానే వస్తుంది. ఆరు వారాలు దాటి ఆ టీకా పడని పిల్లలు ఉంటే వానలకి ముందే వేయించండి.